వివాదాస్పద భూభాగాల్లో మానవ హక్కుల పరిశీలన: హైదరాబాద్, యానాం చారిత్రక అనుభవాలు

సారాంశం

ఒక భూభాగంపై సార్వభౌమాధికారం ఎవరిదో తేలనప్పుడు అక్కడి ప్రజలపై జరిగిన హింసను ఎవరు నమోదు చేయాలి, ఏ అధికారంతో చేయాలి, ఆ నమోదును ఎవరికి సమర్పించాలి అనేవి నేటి అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో కీలకమైన ప్రశ్నలు. తెలుగు ప్రాంతాలు ఈ ప్రశ్నలను ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగంలోనే ఎదుర్కొన్నాయి. 1947–51 మధ్య హైదరాబాద్ సంస్థానం, 1930–62 మధ్య యానాం ఇందుకు నిదర్శనాలు. హైదరాబాద్ విషయంలో భద్రతా మండలి చర్చ, సుందర్‌లాల్ బృందం నివేదిక, జనార్దనరెడ్డి కేసు తీర్పులను, యానాం విషయంలో బాల్యవివాహాల చట్టం, తటస్థ పరిశీలకుల పర్యటన, అధికార బదిలీలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సార్వభౌమాధికార వాదంలో హక్కుల నమోదు ఒక సాక్ష్యంగా మారిపోయినప్పుడు, ఆ వాదానికి ఉపయోగపడని బాధితులు నమోదు నుండి జారిపోతారని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాద్ సంస్థానం, పోలీసు చర్య, సుందర్‌లాల్ నివేదిక, యానాం, సార్వభౌమాధికారం, వాస్తవ నియంత్రణ, మానవ హక్కులు.

1. ఉపోద్ఘాతం

మానవ హక్కుల పరిశీలనకు రెండు ఆధారాలు అవసరం. ఒకటి, హక్కులను కాపాడవలసిన బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండాలి. రెండు, ఆ బాధ్యత నెరవేరిందో లేదో చూడడానికి పరిశీలకునికి ప్రవేశం దొరకాలి. గుర్తింపు పొందిన రాజ్యంలో ఈ రెండూ కనీసం కాగితం మీదనైనా ఉంటాయి. వివాదాస్పద భూభాగంలో మొదటిదే ప్రశ్నార్థకం. అక్కడ పాలన చేస్తున్నవారికి గుర్తింపు ఉండదు. గుర్తింపు ఉన్నవారికి పాలన ఉండదు. పరిశీలకుణ్ణి ఆహ్వానించడమే ఒక పక్షం అధికారాన్ని అంగీకరించినట్లవుతుందన్న భయంతో రెండో పక్షం అడ్డుచెబుతుంది.

ఉత్తర సైప్రస్, ట్రాన్స్‌నిస్ట్రియా, పశ్చిమ సహారా వంటి ప్రాంతాల సందర్భంలో ఈ చిక్కుముడి తరచు చర్చకు వస్తుంది. పశ్చిమ సహారాలో ఐక్యరాజ్యసమితి దళం 1991 నుండి ఉన్నప్పటికీ దానికి మానవ హక్కులను పరిశీలించే అధికారం ఇవ్వలేదు. ఈ సమస్యను దూరదేశాల వ్యవహారంగా భావించడం పరిపాటి. కానీ దక్కన్ పీఠభూమిలోనూ, గౌతమీ తీరంలోనూ ఇటువంటి పరిస్థితే ఏర్పడింది. పరిమాణంలో ఈ రెండు భూభాగాలకు పోలిక లేదు. హైదరాబాద్ సుమారు 82 వేల చదరపు మైళ్ళ సంస్థానం. యానాం దాదాపు 30 చదరపు కిలోమీటర్ల చిన్న స్థావరం. అధికారం ఎవరిదో తేలని కాలంలో సామాన్యుని హక్కు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం రెండింటికీ సమానమే.

2. గుర్తింపు లేని స్వాతంత్ర్యం

1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టం సంస్థానాలపై బ్రిటిష్ పరమాధికారాన్ని రద్దుచేసింది. ఆ అధికారం కొత్త ప్రభుత్వాలలో దేనికీ బదిలీ కాలేదు. దీనిని ఆధారం చేసుకొని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను స్వతంత్ర పాలకుణ్ణవుతానని 1947 జూన్‌లో ఫర్మానా జారీచేశాడు. భారత ప్రభుత్వం ఈ వాదాన్ని అంగీకరించలేదు. నాలుగు వైపులా భారత భూభాగమే ఉన్న సంస్థానం స్వతంత్రంగా మనలేదనీ, ప్రజలలో అత్యధికులు విలీనాన్ని కోరుతున్నారనీ దాని వాదన. 1947 నవంబరు 29న ఉభయపక్షాల మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా సంబంధాలు మునుపటిలాగే సాగాలన్నది దాని సారాంశం. సార్వభౌమాధికార ప్రశ్నను ఆ ఒడంబడిక పరిష్కరించలేదు, వాయిదా వేసింది.

1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలకు పైబడిన ప్రజలు ఈ వాయిదాలో జీవించారు. పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. గ్రామాలలో ఒకవైపు జాగీర్దార్ల, దేశ్‌ముఖ్‌ల వెట్టి. దానిపై 1946 నుండి రగులుతున్న రైతాంగ సాయుధ పోరాటం. మరొకవైపు కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు. ఈ హింసను ఆపవలసిన చట్టబద్ధమైన బాధ్యత నిజాం ప్రభుత్వానిది. ఆ ప్రభుత్వం రజాకార్లను అదుపు చేయలేకపోయింది, లేదా చేయదలచుకోలేదు.

3. 1948 సెప్టెంబరుకు ముందు నమోదు

స్వతంత్ర పరిశీలక సంస్థ ఏదీ లేని ఆ కాలంలో నమోదు పని రాజకీయ సంస్థలమీద, వ్యక్తుల మీద పడింది. 1946లో ఆకునూరు, మాచిరెడ్డిపల్లి గ్రామాలలో జరిగిన పోలీసు దౌర్జన్యాలను పద్మజా నాయుడు వెలుగులోకి తెచ్చింది. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ పతాకాన్ని ఎగురవేయబోయిన ప్రజలపై కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, పోలీసులు గ్రామస్థులను సామూహికంగా చంపారు. ఈ వార్తలు స్టేట్ కాంగ్రెస్, ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తల ద్వారా, సరిహద్దు దాటి బెజవాడ, కర్నూలు వంటి పట్టణాలకు చేరిన కాందిశీకుల ద్వారా బయటి ప్రపంచానికి తెలిశాయి.

సంస్థానంలోనే ఉండి రాయడానికి చెల్లించవలసిన మూల్యం ఎంతటిదో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉదంతం తెలుపుతుంది. రజాకార్ల హింసను ఖండిస్తూ, విలీనాన్ని సమర్థిస్తూ రాసిన ఆయనను 1948 ఆగస్టులో హైదరాబాద్ నగరంలోనే హతమార్చారు.

భారత ప్రభుత్వం 1948లో హైదరాబాద్‌పై ప్రచురించిన శ్వేతపత్రంలో రజాకార్ల దౌర్జన్యాలు చోటుచేసుకున్నాయి. నిజాం ప్రభుత్వం తన వంతుగా ఆర్థిక దిగ్బంధాన్ని, సరిహద్దు దాడులను ఏకరువు పెట్టింది. ఒక్కొక్క పక్షం పేర్కొన్న ఘటనలలో నిజం ఉంది. అయితే రెండు పత్రాలూ ఒక్కొక్క రాజకీయ నిర్ణయానికి ఆధారాలుగా తయారయ్యాయి. అందువల్ల శ్వేతపత్రంలో దిగ్బంధం వల్ల ఇబ్బందిపడిన రోగికి చోటులేదు. నిజాం పక్షం పత్రాలలో బైరాన్‌పల్లి రైతుకు చోటులేదు. బాధితుడు ఏ పక్షం వాదానికి పనికివస్తాడన్నదే అతని ఉనికిని నిర్ణయించింది.

4. భద్రతా మండలి ఎదుట హైదరాబాద్

1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సమితి నియమావళిలోని 35వ అధికరణం రెండవ భాగం ప్రకారం సభ్యత్వం లేని రాజ్యం కూడా వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చు. ఇక్కడ 'రాజ్యం' అన్న మాటే వివాదానికి మూలం. హైదరాబాద్ ఎన్నడూ అంతర్జాతీయ న్యాయం దృష్టిలో రాజ్యం కాదనీ, ఇది ఆంతరంగిక వ్యవహారమనీ భారత ప్రతినిధి ఆర్కాటు రామస్వామి ముదలియార్ వాదించాడు. హైదరాబాద్ పక్షాన మొయిన్ నవాజ్ జంగ్ హాజరయ్యాడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 16న పారిస్‌లో సమావేశమైన మండలి ఎనిమిది ఓట్లతో ఈ అంశాన్ని చర్చనీయాంశాలలో చేర్చుకుంది; మూడు దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. విచారణార్హత ప్రశ్నపై నిర్ణయాన్ని మాత్రం మండలి వాయిదా వేసింది. మరునాడు నిజాం సైన్యం లొంగిపోయింది. 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తంతి పంపాడు. ఆ తంతి స్వేచ్ఛగా పంపినదేనా, ప్రతినిధి వర్గానికి ఇంకా అధికారముందా అన్న చర్చ కొంతకాలం సాగింది. 1949 మేలో పాకిస్తాన్ ప్రతినిధి జఫరుల్లాఖాన్ ఈ విషయాన్ని మళ్ళీ ప్రస్తావించినా మండలి ఏ తీర్మానమూ చేయలేదు.

మండలి చర్చ ప్రధానంగా హైదరాబాద్ రాజ్యమా, కాదా అన్న ప్రశ్నచుట్టూ తిరిగింది. సంస్థానంలోని జిల్లాలకు పరిశీలకులను పంపే స్థితికి ఆ చర్చ చేరలేదు. రాజ్యమని తేలితేగాని విచారణ లేదు. తేలేలోపే రాజ్యమన్న వాదం ఆధారం కోల్పోయింది. అదే ఏడాది డిసెంబరు 10న అదే పారిస్ నగరంలో సమితి సర్వసభ్య సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. ఒక దేశపు లేదా భూభాగపు రాజకీయ, న్యాయ, అంతర్జాతీయ హోదాను బట్టి అక్కడి మనుషుల మధ్య భేదం చూపరాదని ఆ ప్రకటన రెండవ అధికరణం స్పష్టం చేసింది. ఆ రోజున హైదరాబాద్ జిల్లాలలో ముగ్గురు వ్యక్తులు హతుల సంఖ్యను అంచనా వేస్తూ తిరుగుతున్నారు.

5. సుందర్‌లాల్ బృందం

పోలీసు చర్య ముగిసిన తరువాత సంస్థానంలో, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాలలో ముస్లింలపై పెద్దయెత్తున ప్రతీకార హింస జరిగిందన్న వార్తలు ఢిల్లీకి చేరాయి. భారత ప్రభుత్వం కోరికపై పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన బృందం 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు పర్యటించింది. సుందర్‌లాల్ అలహాబాదుకు చెందిన గాంధేయవాది, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన 'భారత్ మే అంగ్రేజీ రాజ్' గ్రంథకర్త. అబ్దుల్ గఫార్ హైదరాబాద్ నుండి వెలువడిన 'పయామ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు.

ఈ బృందం పదహారు జిల్లాలలో తొమ్మిదింటిని సందర్శించింది. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు చూసింది. తాము వెళ్ళలేకపోయిన 109 గ్రామాలకు చెందిన అయిదు వందల మందికి పైగా వ్యక్తులతో మాట్లాడింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో మృతులు 18 వేలకు తగ్గరనీ, ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలలో కనీసం 5 వేలనీ, మొత్తం సంస్థానంలో 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చనీ అంచనా వేసింది. హత్యలతోపాటు అత్యాచారాలు, అపహరణలు, దోపిడీ, బలవంతపు మతమార్పిడులు, ఇళ్ళు, పొలాల ఆక్రమణ కూడా నమోదయ్యాయి. కొన్నిచోట్ల సైనికులు, స్థానిక పోలీసులు దోపిడీలో పాల్గొన్నారని నివేదిక తెలిపింది. సైన్యం క్రమశిక్షణతో మెలగిన సందర్భాలను కూడా అదే నివేదిక గుర్తించింది.

ఈ నివేదికకు పరిశీలనా పత్రంగా ఉన్న విలువ దాని సమతూకంలో ఉంది. అంతకుముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలను అది మరుగుపరచలేదు. ప్రతీకారానికి అవి నేపథ్యమని చెప్పింది. హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన ఉదాహరణలను కూడా నమోదు చేసింది. ముఖ్యంగా నేతపనివారి మధ్య ఈ సోదరభావం బలంగా కనిపించిందనీ, హిందూ నేతకారులు తోటి ముస్లిం నేతకారులను రక్షించబోయి తామూ నష్టపోయారనీ పేర్కొంది.

దాని పరిమితులు కూడా గమనించదగినవే. తమది విచారణ సంఘం కాదనీ, మతసామరస్యం కోసం వచ్చిన సద్భావనా బృందమనీ సభ్యులే చెప్పుకున్నారు. సాక్షులను ప్రమాణం చేయించి విచారించే అధికారం వారికి లేదు. అంచనాలో కింది సంఖ్యకూ పై సంఖ్యకూ మధ్య 13 వేల తేడా ఉంది. గ్రామవారీ మృతుల జాబితా తయారై ఉంటే ఆ తేడా తగ్గేది. హోంమంత్రి సర్దార్ పటేల్ ఈ నివేదికపట్ల అసంతృప్తి వ్యక్తపరిచాడు. ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. 1950లో విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ రాసిన వ్యాసం ఈ హింసను విద్యావంతుల దృష్టికి తెచ్చింది. 1988లో ఒమర్ ఖాలిదీ సంపాదకత్వంలోని గ్రంథంలోనూ, తరువాత ఎ.జి. నూరానీ రచనలలోనూ నివేదిక భాగాలు వెలుగుచూశాయి. 2013 నాటికిగాని మూలప్రతి ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.

సెప్టెంబరుకు ముందరి హింసను శ్వేతపత్రంగా అచ్చువేసిన ప్రభుత్వమే తరువాతి హింసపై తాను పంపిన బృందం నివేదికను పక్కనపెట్టింది. హైదరాబాద్ అంశం భద్రతా మండలి జాబితాలో ఇంకా ఉండడం, విలీన ప్రక్రియ పూర్తికాకపోవడం ఈ మౌనానికి నేపథ్యం. ప్రచురిస్తే మతోద్రిక్తతలు మళ్ళీ చెలరేగుతాయన్న ఆందోళనను కూడా కొట్టిపారేయలేము. ఏమైనా ఈ మౌనం ఫలితాన్ని అనుభవించింది బాధిత కుటుంబాలే. అధికారిక నమోదు లేనిచోట పోయిన భూమికి దావా లేదు, పోయిన మనిషికి పరిహారం లేదు.

6. 'భారత భూభాగం' అన్న మాట

హోదా గురించిన వివాదం ముస్లిం బాధితులకే పరిమితం కాలేదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఆధ్వర్యంలో సైనిక పాలన ఏర్పడిన తరువాత సాయుధ పోరాటంలో పాల్గొన్న తెలంగాణ రైతులపై ప్రత్యేక ట్రిబ్యునళ్ళలో హత్యాభియోగాలు విచారించారు. పలువురికి ఉరిశిక్ష పడింది. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. ముద్దాయిలు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వారి పక్షాన వాదించడానికి బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ భారతదేశానికి వచ్చాడు.

'జనార్దనరెడ్డి' కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యవహారంలో 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆలోచింపజేస్తుంది. రాజ్యాంగం 136వ అధికరణం భారత భూభాగంలోని న్యాయస్థానాల తీర్పులపై అప్పీలుకు అవకాశం ఇస్తుంది. హైకోర్టు తీర్పు వెలువడిన నాటికి రాజ్యాంగం అమలులోకి రాలేదు. 1950 జనవరి 26కు ముందరి హైదరాబాద్ న్యాయస్థానం ఆ అధికరణం అర్థంలో భారత భూభాగంలోని న్యాయస్థానం కాదు. కనుక అప్పీలును స్వీకరించలేమని న్యాయస్థానం నిర్ణయించింది. 1951లో 32వ అధికరణం కింద వేసిన పిటిషన్లు కూడా నిలువలేదు. చివరకు ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారడం వల్ల ప్రాణాలు దక్కాయి. అది కార్యనిర్వాహక నిర్ణయం వల్ల, ప్రజాందోళన వల్ల దక్కిన ఉపశమనం. న్యాయస్థానం ద్వారా దక్కిన హక్కు కాదు.

ఇక్కడ ఒక వైరుధ్యం స్పష్టమవుతుంది. 1948లో భద్రతా మండలి ఎదుట హైదరాబాద్ ప్రత్యేక రాజ్యం కాదన్న వాదం బయటి పరిశీలనకు అడ్డుగా నిలిచింది. 1950లో అది అప్పటికి భారత భూభాగం కాదన్న అన్వయం లోపలి అప్పీలుకు అడ్డుగా నిలిచింది. న్యాయపరంగా ఈ రెండు ప్రశ్నలు వేరువేరు. రెండింటికీ తమతమ తర్కం ఉంది. కానీ ఉరిశిక్ష పడిన రైతు వైపు నుండి చూస్తే రెండు తలుపులూ ఒకే కారణం చేత మూసుకున్నాయి.

7. గౌతమి ఆవలి ఒడ్డు: యానాం

కోనసీమకు ఒకవైపు వశిష్ఠ, మరొకవైపు గౌతమి. వశిష్ఠ దిక్కున మలికిపురం, రాజోలు ప్రాంతం. గౌతమిని రేవులో దాటితే ఆవలి ఒడ్డున యానాం. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే, చట్టం మాత్రం వేరు. ఈ తేడా ప్రభావం మొదట బాలికల జీవితాల మీద కనిపించింది. శారదా చట్టంగా ప్రసిద్ధమైన బాల్యవివాహ నిరోధక చట్టం 1930 ఏప్రిల్ నుండి బ్రిటిష్ ఇండియాలో అమలులోకి వచ్చి, బాలికలకు 14, బాలురకు 18 సంవత్సరాల కనీస వయస్సు నిర్ణయించింది. ఫ్రెంచి యానానికి అది వర్తించలేదు. చుట్టుపక్కల జిల్లాల కుటుంబాలు పిల్లలను యానాం తీసుకువెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవి. ఆ ఊరికి 'కల్యాణపురం' అన్న పేరు అలా స్థిరపడింది. బ్రిటిష్ అధికారికి యానాంలో అధికారం లేదు. ఫ్రెంచి అధికారి దృష్టిలో అక్కడ నేరం జరగలేదు. రెండు సార్వభౌమాధికారాల సందులో బాలిక హక్కు ఎవరి లెక్కలోకీ రాలేదు.

స్వాతంత్ర్యానంతరం యానాం స్థితి వివాదాస్పదమైంది. ఫ్రెంచి స్థావరాల ప్రజలే తమ భవితవ్యాన్ని నిర్ణయించుకోవాలని 1948 జూన్‌లో భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు అంగీకరించాయి. 1949 జూన్ 19న చందర్‌నగర్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అత్యధికులు భారత్‌లో చేరికకు ఓటువేశారు. మిగిలిన స్థావరాలలో పరిస్థితులను చూడడానికి 1951లో తటస్థ పరిశీలకులు వచ్చారు. స్వేచ్ఛగా ఓటువేయగల వాతావరణం అక్కడ లేదని వారి పరిశీలనలో తేలింది. హైదరాబాద్‌కు దక్కని తటస్థ పరిశీలన ఫ్రెంచి స్థావరాలకు దక్కడానికి కారణం ఉంది. ఇక్కడి వివాదం ఒకరినొకరు గుర్తించుకున్న రెండు రాజ్యాల మధ్యది. అయితే పరిశీలకుల పని ఓటింగుకు అనువైన స్థితిని తేల్చడంతో ముగిసింది. బెదిరింపులకు గురైనవారికి రక్షణ కల్పించే ఏర్పాటు దానిలో లేదు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచన కార్యకర్తలు యానాంను స్వాధీనం చేసుకున్నారు. 1954 నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన వాస్తవంగా భారత్‌కు సంక్రమించింది. అప్పగింత ఒప్పందంపై 1956 మే 28న సంతకాలు జరిగాయి. చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది. అంటే దాదాపు ఎనిమిదేళ్ళు యానాం వాసులు భారత పాలనలో ఉంటూనే చట్టరీత్యా ఫ్రెంచి సార్వభౌమాధికారం కిందివారు. ఒప్పందం ఈ అంతరాన్ని గుర్తించి, ఫ్రెంచి జాతీయతను నిలుపుకోదలచినవారికి లిఖితపూర్వకంగా తెలిపేందుకు ఆరు నెలల గడువు ఇచ్చింది. భూభాగం బదిలీలో వ్యక్తి ఎంపికకు చోటు కల్పించిన ఈ ఏర్పాటు గమనార్హం.

8. తులనాత్మక చర్చ

తరువాతి దశాబ్దాలలో అంతర్జాతీయ న్యాయం ఈ చిక్కును విడదీయడానికి రెండు సూత్రాలను రూపొందించుకుంది. మొదటిది నమీబియా విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం 1971లో వెలువరించిన సలహాభిప్రాయం. దక్షిణాఫ్రికా పాలన చట్టవిరుద్ధమైనప్పటికీ జననాలు, మరణాలు, వివాహాల నమోదు వంటి చర్యలను తోసిపుచ్చి ప్రజలకు నష్టం కలిగించరాదని అది చెప్పింది. రెండవది వాస్తవ నియంత్రణ సూత్రం. ఉత్తర సైప్రస్‌కు సంబంధించిన లోయిజిడూ కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1995, 1996 తీర్పుల ద్వారా, భూభాగం చట్టరీత్యా ఎవరిదైనా దానిని వాస్తవంగా అదుపులో ఉంచుకున్నవారే హక్కులకు బాధ్యులని నిర్ణయించింది. 2004లో ఇలాష్కు కేసులో ట్రాన్స్‌నిస్ట్రియాకూ ఇటువంటి తర్కమే వర్తించింది.

ఈ సూత్రాల వెలుగులో చూస్తే హైదరాబాద్ బాధ్యతల క్రమం స్పష్టమవుతుంది. 1948 సెప్టెంబరు 17 వరకు సంస్థానంలోని హింసకు నిజాం ప్రభుత్వం జవాబుదారీ. ఆ తరువాత సైనిక పాలనా యంత్రాంగం జవాబుదారీ. హైదరాబాద్ రాజ్యమా, కాదా అన్న ప్రశ్న తేలవలసిన అవసరమే ఇందులో లేదు. ఒక కాలపు హింసను గుర్తించడం మరొక కాలపు హింసను సమర్థించడం కాబోదు. సెప్టెంబరు 17ను విమోచనంగా, విలీనంగా, విద్రోహంగా భిన్న వర్గాలు పిలుచుకుంటున్న నేటి పరిస్థితిలో ఈ విభజన చరిత్రకారునికి ప్రత్యేకంగా అవసరం. ఆ పేర్లలో ప్రతి ఒక్కటీ సార్వభౌమాధికారానికి సంబంధించిన తీర్పు. బైరాన్‌పల్లి మృతులనూ, ఉస్మానాబాద్ మృతులనూ ఒకే పట్టికలో చేర్చడానికి ఆ తీర్పుకోసం వేచి ఉండనక్కరలేదు.

9. ముగింపు

హైదరాబాద్, యానాం అనుభవాల నుండి మూడు నిర్ధారణలు చేయవచ్చు. ఒకటి, హోదా వివాదంతో ముడిపడిన పరిశీలన ఆ వివాదంతోనే ముగిసిపోతుంది. భద్రతా మండలి చర్చ ఇందుకు నిదర్శనం. రెండు, అధికార పరిధి చిన్నదైనా, హోదా సద్భావనకే పరిమితమైనా, ఊళ్ళు తిరిగి సాక్ష్యం సేకరించిన నివేదిక దశాబ్దాల తరువాత కూడా నిలుస్తుంది. సుందర్‌లాల్ నివేదిక ఇందుకు ఉదాహరణ. మూడు, ప్రచురణ లేని పరిశీలన బాధితునికి సకాలంలో ఉపకరించదు.

తెలుగులో రజాకార్ల హింసపైనా, సాయుధ పోరాటంపైనా విస్తృతమైన సాహిత్యం ఉంది. సుందర్‌లాల్ బృందం పేర్కొన్న నల్లగొండ, మెదక్ జిల్లాల మృతుల గురించి, యానాం పెళ్ళిళ్ళలో వధువులైన బాలికల గురించి ఆ స్థాయిలో అధ్యయనం జరగవలసి ఉంది. గ్రామ రెవెన్యూ దస్తావేజులు, భూమి హక్కుల మార్పిడి వివరాలు, వక్ఫ్ ఆస్తుల రికార్డులు, యానాం వివాహ నమోదు పుస్తకాలు, కుటుంబాలలో మిగిలిన మౌఖిక కథనాలు ఇందుకు ఉపకరించే ఆధారాలు. 27 వేలకూ 40 వేలకూ మధ్య ఉన్న అంతరాన్ని పూర్తిగా పూడ్చడం ఇక సాధ్యం కాకపోవచ్చు. ఒక్కొక్క గ్రామం పేరుతో, ఒక్కొక్క మనిషి పేరుతో దానిని కొంతైనా తగ్గించడం ప్రాంతీయ చరిత్ర పరిశోధకుల చేతిలోని పని.